తిండిలోని శక్తి: పాతరలో, లొట్టిలో, కండరంలో

పాలమూరు పల్లెల్లో జొన్నలు పాతరేసిన రోజుల్లో ఒక జాగ్రత్త ఇంటింటికీ తెలుసు. పాతర మూత తీసిన వెంటనే ఎవరూ లోపలికి దిగరు. కాసేపు గాలి ఆడనిస్తారు, తర్వాత దీపం దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాల్సిందే. చుట్టూ గడ్డి పరిచి పైన మట్టి మెత్తిన ఆ గుంతలో నెలల తరబడి ఉన్నవి గింజలే, కానీ అవి ప్రాణం లేని సరుకు కాదు. బాగా ఎండిన జొన్నగింజ కూడా మెల్లమెల్లగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. అది, దానితోపాటు లోపల చిక్కిన పురుగులు, బూజు కలిసి గుంతలోని ఆక్సిజన్‌ను తోడేసి కార్బన్ డయాక్సైడ్‌ను నింపుతాయి. ఆక్సిజన్ అయిపోయాక పురుగులు చస్తాయి, గింజ నిలుస్తుంది. ధాన్యాన్ని కాపాడిన ఆ గాలే తొందరపడి దిగిన మనిషి ప్రాణం తీస్తుంది.

కణం తిండి నుంచి శక్తిని ఎలా రాబడుతుంది అన్నది జీవశాస్త్రంలో పెద్ద ప్రశ్న. దానికి కావలసిన ఉదాహరణల్లో సగం వనపర్తి జిల్లా పెద్దమందడి చుట్టుపక్కల, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పొలాల్లోనే దొరుకుతాయి. ఈత చెట్టుకు కట్టిన కల్లు లొట్టి, నారుమడి కోసం మండె కట్టిన వడ్లు, పచ్చిగా కుప్పపోసిన వేరుశనగ, బెట్టకు వాడిన జొన్నచేను, అన్నీ ఈ ప్రశ్నకే జవాబులు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం దీన్ని రెండు గడుల పట్టికగా కుదించేశాయి. ఆక్సిజన్ ఉంటే శ్వాసక్రియ, లేకపోతే కిణ్వనం, అంటే పులియడం. ఒకదానిలో 38 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి అణువులు), రెండోదానిలో 2. పరీక్షకు ఇది సరిపోతుందేమో, విషయానికి సరిపోదు. రెండింటి దారీ చాలా దూరం ఒకటే. తిండి నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను చివరికి ఎవరు పుచ్చుకుంటారన్న చోటే అవి విడిపోతాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కల్లు ఎందుకు పొంగుతుందో, జొన్న మేసిన ఎద్దు ఎందుకు కూలిపోతుందో రెండూ అర్థమవుతాయి.

మంట అనుకున్నారు

మొదట శ్వాసక్రియ అంటే మంటే అనుకున్నారు. ఫ్రాన్స్‌లో లవోజియే, లాప్లాస్ కలిసి 1782-83 చలికాలంలో ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచారు. దాని ఒంటివేడికి ఎంత మంచు కరిగిందో తూచారు, అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచారు. బొగ్గు మండి అంతే వాయువు వదిలినప్పుడు ఎంత మంచు కరుగుతుందో చూస్తే రెండు లెక్కలూ దగ్గరగా వచ్చాయి. జంతువు ఊపిరి తీయడం నెమ్మదిగా మండడమే అని తేల్చారు. లెక్క సరైనదే. కానీ ఆ మంట ఊపిరితిత్తుల్లో జరుగుతుందని లవోజియే నమ్మాడు. అది ఒంట్లోని ప్రతి కణంలోనూ జరుగుతుందని రూఢి కావడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది.

మంట అన్న మాటలో చిక్కు ఉంది. కట్టె మండితే శక్తి అంతా ఒక్కసారిగా వేడిగా పోతుంది, ఆ వేడితో కండరం ముడుచుకోదు. కణం చక్కెరను కాల్చదు, విప్పుతుంది. కొన్ని మెట్లలో రెండేసి ఎలక్ట్రాన్లను ఊడదీసి, ఎన్‌ఏడీ అనే చిన్న అణువు చేతికిస్తుంది. బి-విటమిన్లలో ఒకటైన నయాసిన్ మనకు కావలసింది ముఖ్యంగా దీని తయారీకే.

పులియడం కథ వేరే దారిలో నడిచింది. చక్కెర సారాగా మారడం ఉత్త రసాయన చర్యేనని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ వాదించాడు. ప్రాణమున్న ఈస్ట్ లేనిదే అది జరగదని పాశ్చర్ 1857 నుంచి వరుసగా ప్రయోగాలు చేసి చూపాడు. గాలి బాగా తగిలితే ఈస్ట్ తక్కువ చక్కెరతోనే ఎక్కువగా పెరుగుతుందనీ, గాలి లేకపోతే చాలా చక్కెర ఖర్చుచేసి కొంచెమే పెరుగుతుందనీ గమనించినవాడూ ఆయనే. శ్వాసక్రియలో దక్కే శక్తి ఎక్కువ అనడానికి అది మొదటి సాక్ష్యం. చివరికి 1897లో ఎడువార్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, పిండి, రసం తీశాడు. అది చెడిపోకుండా ఉండడానికి చక్కెర కలిపితే బుడగలు లేచాయి. కణం లేదు, పులియడం మాత్రం ఆగలేదు. లీబిగ్, పాశ్చర్ ఇద్దరూ సగం సగం గెలిచారు. పని చేసేది కణంలోని ఎంజైములు, వాటిని తయారుచేసేది ప్రాణమున్న కణం. 1907లో బుక్నర్‌కు నోబెల్ వచ్చింది.

లొట్టిలో జరిగేది

పెద్దమందడి వైపు ఈతకల్లు, తాటికల్లు కొత్తవి కావు. గీత కార్మికుడు మోకుతో చెట్టెక్కి, గెల కోసి లేదా మెడ చెక్కి లొట్టి కడతాడు. చుక్కచుక్కగా దిగే నీరా చెట్టు తన చిగురు కోసం పంపుకుంటున్న చక్కెర నీళ్లు. అందులో పదో వంతుకు అటూ ఇటూగా సుక్రోజ్ ఉంటుంది. లొట్టి లోపలి గోడకు సున్నం పూస్తే క్రిములు పెరగలేక అది తియ్యగానే ఉంటుంది. పూయకపోతే మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పులవడం మొదలు. నిన్నటి కల్లులోని ఈస్ట్ కుండ రంధ్రాల్లో దాగి ఉంటుంది కనుక ఎవరూ తోడు వేయనక్కరలేదు.

ఈస్ట్ సుక్రోజ్‌ను రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. వాటిలో ఒకటైన ఆరు కార్బన్ల గ్లూకోజ్‌ను పది మెట్లలో నరికి, మూడేసి కార్బన్ల పైరువేట్ ముక్కలు రెండు చేస్తుంది. ఈ పది మెట్ల పేరు గ్లైకాలసిస్. ఈస్ట్‌లో, జొన్నలో, ఎద్దులో, మనలో ఈ మెట్లు దాదాపు అవే. ఇక్కడిదాకా దక్కిన లాభం 2 ఏటీపీలు. ఎలక్ట్రాన్లు మాత్రం ఎన్‌ఏడీ దగ్గర ఇరుక్కుపోయాయి. కణంలో ఎన్‌ఏడీ చాలా కొద్దిగానే ఉంటుంది. దాని బరువు దించేవాళ్లు లేకపోతే తర్వాతి గ్లూకోజ్ దగ్గర పని నిలిచిపోతుంది. ఈస్ట్ అందుకు పైరువేట్‌నే వాడుకుంటుంది. దాని నుంచి ఒక కార్బన్‌ను వాయువుగా వదిలేసి, మిగిలిన రెండు కార్బన్ల అసిటాల్డిహైడ్‌కు ఎలక్ట్రాన్లను అంటగడుతుంది. వచ్చేది ఇథనాల్, అంటే కల్లులోని మత్తు. లొట్టి మీది నురగ ఆ వదిలేసిన కార్బన్.

గమనించండి, ఇథనాల్ తయారుచేసే ఆ చివరి రెండు మెట్లలో ఒక్క ఏటీపీ కూడా రాదు. కిణ్వనం శక్తి కోసం అంటాం గానీ, శక్తి వచ్చింది గ్లైకాలసిస్‌లో. చివరి మెట్లు ఎన్‌ఏడీని ఖాళీ చేసి తిరిగి పనికి పంపడానికే. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి లెక్కప్రకారం 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. చక్కెరను మండిస్తే వచ్చే వేడిలో నూటికి తొంభైకి పైగా ఆ ఇథనాల్‌లోనే మిగిలి ఉంటుంది. ఈస్ట్ పారబోసిన ఆ శక్తినే కార్లు పెట్రోలులో కలుపుకొని వాడుతున్నాయి.

లొట్టిలో ఈస్ట్ ఒంటరి కాదు. జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా చక్కెరను సారాగా మారుస్తుంది. అది పట్టే దారి వేరు, గ్లూకోజ్‌కు ఒక్క ఏటీపీయే దక్కుతుంది. అంత తక్కువ లాభానికి బతకాలంటే చక్కెరను వేగంగా మింగాలి, అది అదే చేస్తుంది. లాక్టిక్ బాక్టీరియా పులుపును తెస్తుంది. ఉదయం తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కడం ఈ ముగ్గురి పని. మరో రోజు వదిలేస్తే నాలుగో రకం దిగుతుంది. అది అసిటిక్ బాక్టీరియా. దానికి ఆక్సిజన్ కావాలి. ఈస్ట్ పారబోసిన ఇథనాల్ నుంచి ఎలక్ట్రాన్లు గుంజి, ఆక్సిజన్‌కు అప్పగించి, కల్లును సిర్కాగా మారుస్తుంది. ఒకే కుండలో కిణ్వనం, శ్వాసక్రియ ఒకదాని వెనుక ఒకటి నడిచినట్టు.

లొట్టి మూతి తెరిచే ఉంటుంది కదా, గాలి తగులుతూనే ఉంది కదా, మరి ఈస్ట్ సారా ఎందుకు చేస్తోంది? ఆక్సిజన్ లేకపోతేనే కిణ్వనం అన్న సూత్రం ఇక్కడే తేలిపోతుంది. చక్కెర పుష్కలంగా ఉంటే ఈ ఈస్ట్ గాలి ఉన్నా సారావైపే మొగ్గుతుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. ఎక్కువ ఏటీపీ ఇచ్చే దారిని వదిలి తక్కువ ఇచ్చేదాన్ని ఎందుకు ఎంచుకోవాలి? పోటీ కోసం అన్న వివరణ నాకు నచ్చుతుంది. ముందు చక్కెరను తానే ఊడ్చేసి, మిగతా క్రిములు తట్టుకోలేని సారాతో కుండను నింపి, చక్కెర అయిపోయాక అదే సారాను ఆక్సిజన్‌తో నిదానంగా తింటుంది. శాస్త్రవేత్తల్లో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. కణం లోపల శ్వాసక్రియకు కావలసిన ఎంజైములు కట్టుకోవడం ఖర్చు, గ్లైకాలసిస్ ఎంజైములు చవక అనేవాళ్లూ ఉన్నారు. రెండూ కలిసి నిజం కావచ్చు.

ఒక మాట పక్కన చెప్పాలి. ఈ ప్రాంతంలో జనాన్ని ఆసుపత్రి పాలు చేసే కల్తీకల్లులోని మత్తు ఈస్ట్ ఇచ్చింది కాదు. అది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులది. కల్లు మానేస్తే ఫిట్స్ వచ్చేది కూడా వాటివల్లే. ఆ నేరాన్ని పులియడం మీద వేయకూడదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఇప్పటిదాకా ఏటీపీ అంటూ వచ్చాను. కండరం ముడుచుకున్నా, గింజ మొలకెత్తినా, నరం కబురు పంపినా కణం ఖర్చుపెట్టేది దీన్నే. మన ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఉండేది చాలా కొద్దే. కానీ విరిగి, మళ్లీ అతుక్కుని, మళ్లీ విరిగి, రోజు మొత్తం మీద తిరిగిన ఏటీపీని తూస్తే మనిషి బరువుకు దగ్గరగా వస్తుంది. దీన్ని కండరం నుంచి మొదట వేరుచేసినవాళ్లలో ఒకరు తెలుగువాడు. ఇది మన పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో ఆ పాఠం దగ్గరే ఉండాల్సిన వాక్యం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922 చివర్లో బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది లోకమంతా పాకింది.

ఆ పద్ధతే ఆయనకు దారి చూపింది. కండరం రసాన్ని పరీక్షిస్తే రంగు వెంటనే నిండుగా రాలేదు, కాసేపు ఆగి ఆగి ముదిరింది. పరికరం లోపం అని తోసేయవచ్చు. వాళ్లు తోసేయలేదు. తేలిగ్గా విరిగిపోయే ఏదో భాస్వర పదార్థం ఆమ్లంలో నెమ్మదిగా విరుగుతోందని అనుమానించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ అస్థిర పదార్థం ఆచూకీ కనుక్కున్నారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు ఏటీపీని వేరుచేసి ప్రకటించారు. జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా అదే పని చేశారు. ఎవరు ముందన్న గొడవ ఇంకా పూర్తిగా చల్లారలేదు. నా లెక్కలో ఇద్దరికీ సమానంగా దక్కాలి.

ఈ రెండు ఆవిష్కరణలు ఒక నోబెల్ సిద్ధాంతాన్ని కూలదోయడానికి పునాది వేశాయి. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనని ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ చెప్పారు. వాళ్లకు 1922 నోబెల్ బహుమతి అందింది. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ అయోడోఅసిటేట్ అనే విషంతో కప్ప కండరంలో గ్లైకాలసిస్‌ను ఆపేశాడు. లాక్టిక్ ఆమ్లం పుట్టలేదు, అయినా కండరం ముడుచుకుంది. దాంతోపాటే ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయింది. అది అయిపోగానే కండరం బిగుసుకుపోయింది. హిల్ దీన్ని నిండు మనసుతో ఒప్పుకుని, తన శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో రాశాడు. సుబ్బారావుకు మాత్రం హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం కూడా రాలేదు. 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ అప్పట్లో ఆ విభాగంలోనే ఉన్నారు. ఫిస్క్ అసూయవల్ల సుబ్బారావు పని కొంత వెలుగు చూడలేదనీ, కొన్ని పదార్థాలను తర్వాతివాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ ఆయన తర్వాత చెప్పారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారిన సుబ్బారావు ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు డైఇథైల్‌కార్బమజైన్, రక్తక్యాన్సర్‌కు మొదట పనిచేసిన ఫోలేట్ విరోధి మందుల పరిశోధనను నడిపి 1948 ఆగస్టులో కన్నుమూశారు.

కండరం లెక్క ఇప్పుడు ఇద్దరు తెలుగు అమ్మాయిల పరుగులో చూడవచ్చు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించింది. ఆ పరుగులో పెద్ద భాగం కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ మీద నడుస్తుంది. ఊపిరి అందుకునేలోపే పందెం అయిపోతుంది. వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో టీ-20 విభాగం 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. అంతసేపటికి ఫాస్ఫోక్రియాటిన్ చాలదు, శ్వాసక్రియ ఒక్కటే ఆ వేగాన్ని అందుకోలేదు. కండరం పైరువేట్‌కు ఎలక్ట్రాన్లు అంటగట్టి లాక్టేట్ చేస్తుంది. 400 మీటర్లు అంత కఠినమైన పందెం కావడానికి ఇదో కారణం.

లాక్టేట్‌కు వచ్చిన చెడ్డపేరు అన్యాయం. మట్టి తవ్విన మర్నాడు పిక్కలు పట్టేస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకుందని వ్యాయామశాలల్లో చెబుతారు. పని ఆపిన గంటా గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుంది. మర్నాటి నొప్పి కండరం పోగులు దెబ్బతినడంవల్ల వచ్చేది. పైగా లాక్టేట్ చెత్త కాదు. ఒక కండరం వదిలింది గుండె, పక్క కండరం ఇంధనంగా తీసుకుంటాయి. కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా చేస్తుంది. మన ఎర్రరక్తకణాల్లో, కణంలో శ్వాసక్రియ నడిచే చోటైన మైటోకాండ్రియా ఉండవు. ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోసే ఆ కణాలు తాము మాత్రం పూర్తిగా ఎదిగినప్పటి నుంచి చచ్చేదాకా లాక్టేట్ కిణ్వనంతోనే బతుకుతాయి. ఆక్సిజన్ లేనప్పుడే కిణ్వనం అన్నవాళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు దొరకదు.

ఆక్సిజన్ చేతికి

పైరువేట్‌ను మైటోకాండ్రియా లోపలికి పంపితే కథ మారుతుంది. అక్కడ హాన్స్ క్రెబ్స్ 1937లో గుర్తించిన సిట్రిక్ ఆమ్ల చక్రం కార్బన్లన్నిటినీ వాయువుగా విడిపించి, మిగిలిన ఎలక్ట్రాన్లన్నిటినీ లాగేస్తుంది. నేచర్ పత్రిక క్రెబ్స్ వ్యాసాన్ని తిప్పిపంపింది, 1953లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఎలక్ట్రాన్లు ఇక్కడ పైరువేట్‌కు తిరిగి వెళ్లవు. మైటోకాండ్రియా లోపలి పొరలో వరుసగా ఉన్న ప్రోటీన్లు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ, చివరికి ఆక్సిజన్ చేతిలో పెడతాయి. ఆక్సిజన్ నీరవుతుంది. ఈ ప్రయాణంలో విడుదలైన శక్తి ఏటీపీగా ఎలా మారుతుందన్నది ఇరవై ఏళ్లు పెద్ద చిక్కుముడి. అందరూ మధ్యలో ఒక రసాయనం ఉండాలని వెతికారు, దొరకలేదు. బ్రిటన్‌కు చెందిన పీటర్ మిచెల్ 1961లో, అలాంటి రసాయనమే లేదన్నాడు. ఎలక్ట్రాన్లు సాగేకొద్దీ ప్రోటాన్లు పొరకు ఒకవైపు పేరుకుంటాయి, అవి వెనక్కి దిగేటప్పుడు ఏటీపీ పుడుతుంది అన్నాడు. గద్వాల దగ్గర జూరాలలో కృష్ణ నీళ్లను కట్టకు ఒకవైపు నిలిపి, కిందికి వదిలేటప్పుడు ఒక్కోటి 39 మెగావాట్ల ఆరు యంత్రాలను తిప్పినట్టే. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1978లో నోబెల్ వచ్చేసరికి నమ్మక తప్పలేదు. ఇంకా వింత ఏమిటంటే ఇక్కడ నిజంగానే తిరిగే చక్రం ఉంది. ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ గిర్రున తిరుగుతూ, ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీలు చేస్తుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు అతికించి, అది తిరగడం సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు.

ఇక 38 సంగతి. ఒక్కో ఎన్‌ఏడీ మోసిన ఎలక్ట్రాన్లకు సరిగ్గా 3 ఏటీపీలు వస్తాయని పాత లెక్క. ప్రోటాన్ల దారి తెలిశాక ఆ పూర్ణాంకానికి ఆధారం లేదని తేలింది. ఇప్పుడు దాదాపు 2.5 అంటారు. దాంతో గ్లూకోజ్ ఒక్కింటికి వచ్చేది 30 నుంచి 32. పొర నుంచి కారిపోయే ప్రోటాన్లనూ లెక్కిస్తే నిజమైన కణంలో ఇంకా తక్కువే ఉండవచ్చు. ప్రపంచంలో మంచి పాఠ్యపుస్తకాలు ఈ అంకెను మార్చుకుని చాలాకాలమైంది. ఇంకా 38 అని బట్టీ వేయించే ఉపాధ్యాయులు దయచేసి ఆపాలి.

నూనెగింజ లెక్క వేరు. వనపర్తి వైపు విరివిగా పండే వేరుశనగలో సగానికి దగ్గరగా నూనె. గ్రాము పిండిపదార్థం నాలుగు కిలోకేలరీలిస్తే గ్రాము నూనె తొమ్మిది ఇస్తుంది. నూనెలో ఆక్సిజన్ పరమాణువులు తక్కువ, ఎలక్ట్రాన్లు ఎక్కువ. అందుకే దాన్ని ఎవరూ పులియబెట్టి సారా చేయలేరు. అన్ని ఎలక్ట్రాన్లను పుచ్చుకోవడానికి ఆక్సిజన్ లాంటి బలమైన అణువు ఉండి తీరాలి.

ఏటీపీగా దక్కని శక్తి వేడిగా పోతుంది. మండె కట్టిన వడ్లలో చేయి పెట్టినవాళ్లకు అది తెలుసు. నానబెట్టి, గోనెసంచిలో గడ్డి కప్పిన వడ్లు మర్నాటికి వెచ్చగా ఉంటాయి. మొలక శ్వాసక్రియ వేడే అది. తేమ ఉన్న వడ్లను, పచ్చి వేరుశనగను కుప్పపోస్తే లోపల అదే జరుగుతుంది. మొలక అక్కరలేని చోట అది నష్టం, బూజుకు ఆహ్వానం. వరి మొలకకు ఇంకో విద్య తెలుసు. నీళ్లలో మునిగినా సారా కిణ్వనంతో నెట్టుకొస్తూ మొలకను పైకి పొడవుగా పంపుతుంది. జొన్న గింజకు అది చేతకాదు, నీరు నిలిస్తే కుళ్లిపోతుంది.

క్రాబ్‌ట్రీ ప్రభావాన్ని తలపించే క్యాన్సర్ కణాల సంగతి క్లుప్తంగా. అవి ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్టేట్ చేస్తాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలో గమనించాడు. వాటి శ్వాసక్రియ చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలం అన్నాడు. గమనిక నిలిచింది, వివరణ నిలవలేదు. చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా బాగానే పనిచేస్తాయి. వేగంగా పెరగడానికి కావలసిన కార్బన్ ముక్కల కోసం అవి ఆ దారి పడతాయని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో చేసే పెట్ స్కాన్ గ్లూకోజ్ కోసం ఈ ఆత్రాన్నే చూపిస్తుంది.

జొన్నచేనులో

ఎలక్ట్రాన్లను చివరగా అందుకునే చేయి ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే బెట్టకు వాడిన జొన్నచేను చూడాలి. జొన్న లేత ఆకుల్లో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని విరిచే ఎంజైము వేరే కణాల్లో ఉంటుంది. పశువు నమిలినప్పుడు రెండూ కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది, పొట్టలోని క్రిములు ఆ పనిని ఇంకా వేగం చేస్తాయి. సయనైడ్ మైటోకాండ్రియా చివరి ప్రోటీన్‌లోని ఇనుమును పట్టుకుని వదలదు. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరవు. పశువు రొప్పుతుంది, ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, పొట్టలో మేత ఉంటుంది. కణం మాత్రం దేన్నీ వాడుకోలేదు. ఆక్సిజన్ ఖర్చు కాకపోవడంతో సిరల్లో రక్తం కూడా ఎర్రగా మెరుస్తుంది. కండరం కొంతసేపు కిణ్వనంతో నెట్టుకొస్తుంది, మెదడు, గుండె నెట్టుకురాలేవు. దీన్నే రైతులు నాము తగిలిందంటారు.

మొలకల్లో, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లో, వానలేక గిడసబారిన పైరులో, యూరియా ఎక్కువైన చేనులో ఈ విషం ఎక్కువ. పూత దాటిన పైరులో తగ్గుతుంది. ఎండబెట్టిన చొప్పలోనూ తగ్గుతుంది. పాతర గడ్డి చేస్తే కూడా తగ్గుతుంది. ముక్కలు చేసి గాలి లేకుండా తొక్కిన పచ్చిమేతలో మొదట మొక్క కణాలు మిగిలిన ఆక్సిజన్‌ను తినేస్తాయి, తర్వాత లాక్టిక్ బాక్టీరియా మేతను పులియబెట్టి నిలబెడుతుంది.

విరుగుడు ఉంది. పశువైద్యుడు సిరలోకి ఇచ్చే సోడియం నైట్రైట్ సయనైడ్‌ను ఆ ఇనుము దగ్గర నుంచి లాగే వలను రక్తంలోనే పుట్టిస్తుంది. సోడియం థయోసల్ఫేట్ గంధకాన్నిచ్చి, సయనైడ్‌ను మూత్రంలో పోయే థయోసయనేట్‌గా మారుస్తుంది. రెండూ ఖరీదైన మందులు కావు. కానీ ఎక్కువ విషం తిన్న పశువు నిమిషాల్లో పోతుంది, జిల్లా కేంద్రానికి మనిషిని పంపి మందు తెప్పించేంత వ్యవధి ఉండదు. అందుకే పెద్దమందడి లాంటి మెట్ట మండలాల పశువైద్యశాలల్లో వానాకాలం విత్తనం పడేలోపే ఈ రెండు మందులూ చేరి ఉండాలని అధికారులను అడగండి. వాన ముఖం చాటేసిన ఏడు, పూత పట్టని జొన్నలోకి పశువును తోలకండి.